ఎండాకాలం తుంగ

మా మేడమ్ జీవితమంతా తుంగతోనే గడిచింది. వరి వేసే ప్రతి రైతూ పీకి గట్టున పారేసే కలుపు మొక్క అది. కృష్ణా డెల్టాలో ఆ తుంగ ఎన్ని రకాలుందో, ఏది ఏదో తేల్చి, ఒక్కోదాన్నీ దాని వరుసలో పెట్టిన మొదటి మనిషి ఆవిడ. అంతకుముందు చదువుకున్నవాళ్లు కూడా అన్నిటినీ కలిపి గడ్డి అనేసి ఊరుకునేవాళ్లు. విజయవాడలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ, సెలవుల్లో బస్సులెక్కి కాలువ గట్లన్నీ తిరిగి ఆవిడ ఈ పని చేశారు.

నేను ఆవిడ దగ్గరే చదువుకున్నాను. మాది బట్టల కొట్టు పెట్టుకున్న ఇల్లు. నేను ఎమ్మెస్సీలో చేరి, బురద కాళ్లతో, సంచీ నిండా తుంగతో ఇంటికొస్తే మా అమ్మ, "ఇంత చదివించింది గడ్డి కోసుకు రావడానికా? ఓ గేదెను కూడా తోలుకొస్తే పాలన్నా తాగుతాం," అనేది. నాకు ఉక్రోషం వచ్చేది కానీ సంచీ మాత్రం వదిలేదాన్ని కాదు.

మేడమ్ కోపిష్ఠి మనిషి. మొక్కను సరిగ్గా చూడకుండా పేరు చెబితే ఆవిడకు ఒళ్లు మండిపోయేది. సైన్సులో మొక్కలకు రెండు మాటల పేరెందుకో మొదటి రోజే చెప్పారు. "ఎక్కడో చలిదేశంలో ఒకాయన పెట్టాడమ్మా ఈ పద్ధతి. మనకేం కొత్త కాదు. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత." ఆయన తనకు తెలిసిన ప్రాణులన్నిటికీ అలా పేర్లు పెట్టుకుంటూ పోయాడట. మా మేడమ్ తన జీవితంలో పేరు పెట్టింది ఒకే ఒక్క మొక్కకు.

కంకిపాడు దగ్గర కాలువలో దొరికిన తుంగ అది. జానెడు ఎత్తు, ఎర్రటి కంకులు. మామూలు తుంగ పచ్చగా నడుమెత్తు పెరుగుతుంది కాబట్టి ఇది వేరే జాతి అని ఆవిడ ప్రకటించారు. దానికి తన కూతురి పేరు పెట్టారు. ఆ పాప రెండో క్లాసు చదువుతుండగా జ్వరమొచ్చి పోయింది. ఆ వేసవిలో ఇంట్లో ఉండలేక కాలువ వెంట తిరుగుతుంటే మేడమ్‌కు ఆ మొక్క కనిపించిందట. ఇదంతా నాకు ఇతరులు చెప్పిన సంగతి. ఆవిడ నోట పాప పేరు నేను విన్నది మొక్క పేరుగానే. క్లాసులో ఏ తడబాటూ లేకుండా పలికేవారు.

మేడమ్ రిటైరయ్యాక అదే కాలేజీలో నాకు ఉద్యోగం వచ్చింది. ఎండబెట్టిన మొక్కల షీట్లు దాచే బీరువాల బాధ్యత నా మీద పడింది. ఒక మే నెలలో, పిల్లలకు చూపిద్దామని, పాప పేరున్న తుంగను వేళ్లతో సహా తెచ్చి మా డాబా మీద బకెట్లో నాటాను. రోజూ నీళ్లు పోశాను. దసరా వచ్చేసరికి అది నడుమెత్తు లేచింది. కంకుల్లో ఎరుపు పోయింది. నా బకెట్లో ఉన్నది అచ్చం మామూలు తుంగ. ఏదో వేరే గింజ మొలిచి ఉంటుందని సర్దిచెప్పుకుని, మరుసటి వేసవిలో మళ్లీ తెచ్చి నాటాను. మళ్లీ అదే జరిగింది.

అప్పుడు ఆ పేరుతో మేడమ్ చేసిన షీట్లన్నీ బల్ల మీద పరిచి చూశాను. అన్నీ ఏప్రిల్, మే నెలల్లో కోసిన మొక్కలే. లెక్చరర్లకు సెలవులు ఎండాకాలంలోనే. డెల్టా కాలువలకు నీళ్లు ఆపేసేదీ ఎండాకాలంలోనే. నీళ్లు లేక బీటలు వారిన మట్టిలో మామూలు తుంగే గిడసబారి, ఎర్రబడి అలా ఉండేది. కాలువలకు నీళ్లు వదిలి అది ఎదిగే వేళకు మేడమ్ క్లాసురూములో ఉండేవారు.

రెండు జాతులనుకున్నవి ఒకటేనని తేలితే, ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. తర్వాత పెట్టిన పేరుతో ఇక ఆ మొక్కను ఎవరూ పిలవరు. అంటే పాప పేరు పలికేవాళ్లు ఉండరు. పోనీలే, కలుపు మొక్కే కదా, చెప్పకపోతే ఎవరి కొంప మునిగిందని నాతో నేను చాలా వాదించుకున్నాను. కానీ పాఠంలో పిల్లలకు అదే పేరు చెప్పాల్సి వచ్చేసరికి, దాన్ని దాటేసి పక్క మొక్కకు వెళ్లిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం భవానీపురంలో మేడమ్ ఇంటికి వెళ్లాను. ఒక చేతిలో బకెట్లో పెరిగిన మొక్క, ఇంకో చేతిలో కాలేజీ బీరువాలోని పాత షీటు. ఆవిడ మొట్టమొదట కోసిన మొక్క దాని మీద కుట్టి ఉంది, కింద ఆవిడ చేతిరాతలో పాప పేరు. సంగతంతా చెప్పాను.

ఆవిడ కళ్లజోడు మార్చుకుని లెన్సు తీశారు. కంకి నలిపి, గింజలు అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశారు.

"పక్కన ఇంకేదన్నా మొలిచిందేమో?"

"రెండోసారి వేళ్లు కడిగి, కొత్త మట్టిలో నాటానండీ."

"జర్నల్‌కు పేపర్ రాసి పంపించావా?"

"లేదండీ. మీకు చెప్పకుండా ఎలా పంపుతాను?"

"నాకెందుకు చెప్పడం? మొక్క చెప్పింది చాలదా నీకు?" అని గట్టిగానే కసిరారు.

మళ్లీ లెన్సు పెట్టారు. ఈసారి పాత షీటు మీద. కాసేపటికి లెన్సు మడిచి పక్కన పెట్టేశారు.

"రెండూ ఒకటేనమ్మా. అప్పుడెందుకు పోల్చుకోలేకపోయానో మరి. ఆ ఎండాకాలం నాకు అన్నీ వేరేగానే కనిపించాయి."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవకుండా కూర్చుంటే నేను ఏడవడం బాగుండదని తల వంచుకున్నాను.

"చీటీ తెచ్చావా?" అన్నారు.

షీటు మీద పాత పేరును ఎవరూ కొట్టేయరు. సరైన పేరు చిన్న చీటీ మీద రాసి, పక్కన అంటించి, తేల్చినవాళ్లు సంతకం చేస్తారు. చీటీ తెచ్చాను గానీ, దాన్ని బయటికి తీసే ధైర్యం లేక బ్యాగులోనే ఉంచాను. ఇచ్చాను. ఆవిడ తనే మామూలు తుంగ పేరు గుండ్రంగా రాసి, సంతకం చేశారు. వెనక బంక కూడా రాశారు. రాసి, షీటు మీదకు వంగి, ఆగిపోయారు. చీటీ నా చేతికిచ్చారు.

"నువ్వు అంటించమ్మా. ఒకసారి సాగనంపాను దాన్ని. మళ్లీ నావల్ల కాదు."

నేను అంటించి, చీటీని వేలితో నొక్కి పట్టుకున్నాను. బంక ఆరేదాకా ఆవిడ పాప పేరు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.