సున్నపు తేట, నలభై బొప్పాయి కాడలు

మొన్న విజయవాడలో ఊపిరితిత్తుల డాక్టరుగారి దగ్గరికి వెళ్తే, అక్కడి నర్సమ్మాయి నా నోటికి ఒక ప్లాస్టిక్ గొట్టం అందించి, గట్టిగా ఊదండి బామ్మగారూ, ఇంకా, ఇంకా అంటూ చంటిపిల్లను బుజ్జగించినట్టు బుజ్జగించి, పని కాగానే ఆ గొట్టాన్ని చెత్తబుట్టలో పడేసింది. ఎనభై దాటినదాన్ని, ఆ కాస్త ఊదేసరికే కళ్లు బైర్లు కమ్మాయి. అయినా బల్లమీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నంతసేపూ నా మనసు నందిగామ హైస్కూల్లో, నేను మొట్టమొదట రసాయనశాస్త్రం చెప్పిన ఎనిమిదో తరగతి గదిలోనే తిరిగింది. ఈ సంగతి ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు, మనతరం వాళ్లకైతే అర్థమవుతుందని రాస్తున్నాను.

అరవైల మొదట్లో బి.ఎస్సీ., బి.ఇడి. చదివిన ఆడపిల్ల మా వైపు అరుదు. పెనుగంచిప్రోలులో మిషన్ బడి పంతులైన మా నాన్న నన్ను నందిగామ బస్సు ఎక్కించినప్పుడు, కూతురికి ఉద్యోగం వచ్చిందన్న సంతోషం కంటే అక్కడ గది ఎవరిస్తారన్న దిగులే ఆయన ముఖంలో ఎక్కువ కనబడింది. ఆ దిగులు ఉత్తదేం కాదు. నాలుగిళ్లలో, మీరేవిట్లమ్మా అని కులం అడగడం, నేను ఉన్నమాట చెప్పడం, ఆ గదిలో వడ్లబస్తాలు పెట్టుకోవాలని వాళ్లకు ఉన్నట్టుండి గుర్తుకు రావడం జరిగాయి. చివరికి ఒక పెద్దావిడ, మనవరాలు నా క్లాసులోనే చదువుతోంది గనుక కాబోలు, వీధి వైపు గది ఇచ్చారు. సాయంత్రాలు ఆవిడ అరుగుకు ఆ చివర, నేను ఈ చివర కూర్చుని కాసేపు మాట్లాడుకునేవాళ్లం. రోజు మొత్తంలో నాతో పాఠం కాని మాట మాట్లాడే మనిషి ఆవిడొక్కరే. స్టాఫ్ రూములో మగ మాస్టర్ల మధ్య నాకొక కుర్చీ ఉండేది గానీ కబుర్లు ఉండేవి కావు. ఆదివారం చర్చికి వెళ్లి రావడం, మిగతా పొద్దంతా గోడలకేసి చూడడం, అంతే నా బతుకు.

అప్పట్లో సైన్సు పాఠాలన్నీ తెలుగులోనే. కార్బన్ డయాక్సైడ్ అంటే పిల్లలకు తెలియదు, బొగ్గుపులుసు వాయువు అనాలి. మనం పీల్చే గాలిలో కంటే వదిలే గాలిలో ఆ వాయువు ఎక్కువనీ, అది సున్నపు తేటను తెల్లగా మారుస్తుందనీ ఆరోజు పాఠం. మా బడిలో లాబొరేటరీ అంటే ఒక బీరువా, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో దేవుడికే తెలియాలి. అందుకని తాంబూలంలోకి వాడే సున్నాన్ని ముందురోజే నీళ్లలో కలిపి, పైన తేరిన తేటను గాజుగ్లాసులోకి వంపుకున్నాను. గాజు గొట్టానికి బదులు బొప్పాయి ఆకు కాడ ఒకటి కోసుకున్నాను, లోపల డొల్లగా ఉంటుంది కదా. నేను ఊదాను, తేట పాలలా తెల్లబడింది, పిల్లలు నోళ్లు తెరిచారు. ఆ తర్వాత వాళ్ల చేత కూడా ఊదించాలి. కానీ ఆ కాడ నేను నోట్లో పెట్టుకున్నది, నా ఎంగిలి. దాన్ని ఏ పిల్లకు అందించినా సాయంత్రానికి ఊళ్లో ఎంత గొడవవుతుందో తెలిసినదాన్ని గనుక, చాచబోయిన చేయి వెనక్కి తీసుకుని, ఎవరు ఊదినా ఇంతే అని నోటిమాటగా చెప్పేసి బోర్డు వైపు తిరిగాను.

తిరగకుండా ఉండవలసింది. అది కళ్లాల్లో మిరపకాయలు ఎండే కాలం, ఆ ఘాటు పడక నాకు పదిహేను రోజులుగా పొడిదగ్గు. దగ్గే టీచరమ్మ ఊదితే నీళ్లు తెల్లగా మారాయి. పిల్లలు చూసింది ఇదే, ఇళ్లకు వెళ్లి చెప్పిందీ ఇదే. ఆ రోజుల్లో క్షయ అంటే పేరెత్తడానికే భయపడేవాళ్లం. వాళ్లను నేను తప్పు పట్టను, ఒక్క మనిషి ఊపిరి చూపించి అందరి ఊపిరీ ఇంతేనని నమ్మమన్నది నేనే, పోల్చి చూడడానికి రెండోది లేనిదే ప్రయోగం ప్రయోగం కాదని చదువుకున్నదాన్నీ నేనే. కుండకైతే మూత పెట్టగలం గానీ ఊరి నోటికి పెట్టలేం. ముందు బెంచీల పిల్లలు వెనక్కి జరిగారు, అరుగు మీద నా ఎదురు చివర ఖాళీ అయింది, మూడో రోజు ఆ పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లోనే నిలబడ్డారు.

“టీచరమ్మా, మా పెద్దమ్మాయి కాన్పుకొస్తందమ్మా. ఒకటో తారీకుకల్లా ఇంకో గది చూసుకోండి, ఏమీ అనుకోబాకండి.”

ఆ పెద్దమ్మాయి కూతుళ్లకు పెళ్లిళ్లు కూడా అయిపోయాయని నాకు చెప్పింది ఆవిడే. నవ్వు రావలసిన మాటే గానీ నాకు ఏడుపు వచ్చింది. ఇంకో గది ఇచ్చేవాళ్లు ఆ ఊళ్లో లేరు. గది లేకపోతే ఉద్యోగం లేదు, పెట్టె సర్దుకుని పెనుగంచిప్రోలు బస్సు ఎక్కి, నాన్నా నీ దిగులే నిజమైంది అని చెప్పడమే మిగులుతుంది.

మర్నాడు పిల్లలను గ్లాసులు తెమ్మని చెప్పి, కుండెడు నీళ్లలో సున్నం కలిపి పెట్టుకుని, ఆ మరునాడు బడి వెనక ఉన్న బొప్పాయి చెట్లను దాదాపు గుండు చేసేశాను. నలభై మంది పిల్లలకు నలభై కాడలు, ఎవరి గ్లాసు వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకున్నారు, ఒకరి నోరు తగిలినది ఇంకొకరికి తగిలే పని లేదు. బుగ్గలు పూరించి అందరూ ఒక్కసారి ఊదేసరికి గది అంతా బుడబుడమని ఒకటే చప్పుడు. బలమైనవాళ్లవీ బక్కవాళ్లవీ, పెద్దింటివాళ్లవీ పాలేళ్ల పిల్లలవీ, నలభై గ్లాసులూ తెల్లబడ్డాయి. పెద్దావిడ మనవరాలైతే ఆపకుండా ఊదుతూనే ఉంది, చివరికి ఆ తెలుపు విరిగి నీళ్లు మళ్లీ తేటగా అయ్యాయి. తెలుపు ఎటు పోయిందండీ అని అది కంగారు పడుతుంటే, ఎక్కడికీ పోలేదే, నువ్వు మరీ ఎక్కువ ఊదేసరికి నీళ్లలో కరిగే ఇంకో పదార్థంగా మారిందని చెబుతూ, అన్ని రోజుల తర్వాత నేను నవ్వాను. ఆ పిల్ల ఒక కొత్త కాడా, కాస్త తేటా అడిగి ఇంటికి పట్టుకెళ్లింది.

మరునాడు గేటు దగ్గరే ఎదురొచ్చింది. “మా నాయనమ్మ చేత ఊదించానండీ! ఆవిడదీ తెల్లగానే అయ్యిందండీ!”

పెద్దమ్మాయి కాన్పు సంగతి మరి ఎవరూ ఎత్తలేదు. ఆ సాయంత్రం ఆవిడ దోసకాయ పప్పు తెచ్చి, నా గిన్నెకు తన గరిటె తగలకుండా జానెడు ఎత్తు నుంచి వడ్డించి, తన చివర తాను కూర్చున్నారు. నేను ఆ ఇంట్లో నాలుగేళ్లు ఉన్నాను.

ఈ కథను తర్వాత ఎందరో కుర్ర టీచర్లకు గెలుపు కథలాగే చెప్పాను, ఒక్కసారి చేసి చూపించి ఊరుకోకండి, పదిమంది చేత చేయించండి అని నీతి కూడా చెప్పాను. చెప్పనిది ఒకటుంది. నేను గెలిచింది నలభై కాడలు పంచబట్టి. అందరి ఊపిరీ ఒకటేనని ఆ పిల్లలకు చూపించిన రోజే, ఎవరి కాడ వాళ్లదేనని కూడా నేర్పాను, ఆ రెండో పాఠం వాళ్లకు ముందే వచ్చు, నేను దాన్ని ఖాయం చేశానంతే. ఇప్పుడు జగ్గయ్యపేట బస్టాండులో, బడి వదిలాక ఆడపిల్లలు ఒకే సీసా నీళ్లు మూతి పెట్టి తాగి పక్కదానికి అందిస్తుంటే, బస్సు వెళ్లిపోతున్నా నిలబడి చూస్తుంటాను. ఆ పెద్దావిడ మంచిది, నన్ను ఇష్టపడింది కూడా. అయినా నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆవిడ నా చేతికి గ్లాసు అందించలేదు, ఇమ్మని నేనూ అడగలేదు.