తలుపు కథ ఆగిపోయిన శనివారం

నా చిన్నప్పుడు, అంటే డెబ్భైల చివర్లో, మేము డెట్రాయిట్ నగరంలో ఒక రెండంతస్తుల ఇంటి పైభాగంలో అద్దెకుండేవాళ్ళం. కింది భాగంలో ఇంటివాళ్ళు ఉండేవారు. నల్లజాతి దంపతులు, అప్పటికే పెద్దవాళ్ళు. ఆయన కార్ల ఫ్యాక్టరీలో ఇనుము కరిగించే చోట పనిచేసి రిటైరయ్యారు. వాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళై వేరే ఊళ్ళలో ఉండేవారు. నాకు వాళ్ళు కింది అంకుల్, కింది ఆంటీ. మా నాన్న ఒక కార్ల కంపెనీలో డ్రాయింగ్‌లు గీసేవారు, మా అమ్మ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేది. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి ఇద్దరూ ఇంట్లో ఉండేవారు కాదు. అందుకని సాయంత్రం దాకా నా మకాం కిందే.

శని ఆదివారాల్లో తెలుగువాళ్ళం ఎవరో ఒకరింట్లో కలిసేవాళ్ళం. అక్కడ ఆంటీలు మా అమ్మని పక్కకి పిలిచి, "ఇంకా ఆ ఏరియాలోనే ఉన్నారా? పిల్లని వాళ్ళ దగ్గర ఎలా వదులుతున్నారండీ?" అని అడిగేవారు. "ఎలా ఏముంది? మెట్లు దిగి వదులుతున్నాను" అనేది అమ్మ. ఆవిడ కోపం అంతవరకే. ఆ ఆంటీల మాట మా నాన్న మనసులో మాత్రం ఉండిపోయేదనుకుంటాను.

కింద ఉండడమంటే సగం రోజులు లైబ్రరీలో ఉండడమే. మా వీధి చివర మలుపు తిరిగితే చిన్న బ్రాంచి లైబ్రరీ. కింది ఆంటీ నా చేయి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళేవారు. ఫిబ్రవరి వచ్చిందంటే ఆ భవనమంతా సందడిగా మారిపోయేది. అది నల్లజాతి చరిత్రను తలుచుకునే నెల. చిన్నపిల్లలకి తోలుబొమ్మలు, మా వయసువాళ్ళకి డోలు వాయించడం, ఆడవాళ్ళకి పాత గుడ్డముక్కలతో బొంతలు కుట్టడం, ముసలివాళ్ళకి పాటలు. వెనక బల్లమీద ఎవరింటి నుంచో వచ్చిన చిలగడదుంపల తీపి వంటకం. ఎవరి పిల్లవని ఎవరూ అడిగేవారు కాదు. ఒక డోలు నా ఒళ్ళో పెట్టి, వాయించమనేవారు.

ఆ నెలలో ఒక శనివారం మధ్యాహ్నం పెద్దవాళ్ళు తమ కథలు చెప్పేవారు. ఆ రోజు చివర్లో లేచేది మా కింది అంకుల్. ఏటా ఆయన చెప్పేది ఒకే కథ. అయినా జనం దానికోసమే వచ్చేవారు.

అమెరికా దక్షిణాదిన, పత్తి పండించే ఒక ఊళ్ళో ఆయన పుట్టారు. వాళ్ళమ్మమ్మే పెంచింది. చలిగాలి రాకుండా చెక్కగోడల మీద పాత న్యూస్‌పేపర్లు అంటించేవారట. ఆవిడకి చదువు రాదు కాబట్టి కొన్ని కాగితాలు తలకిందులుగా అంటించిందట. ఆయన ఆ గోడల మీదే అక్షరాలు నేర్చుకున్నారు. అందుకే మనకెదురుగా కూర్చుని, మన చేతిలోని పుస్తకాన్ని తలకిందులుగానే గడగడా చదివేసేవారు. గోడలన్నీ చదవడం అయిపోయాక ఇంకేదైనా కావాలని ఏడిస్తే, ఒకరోజు వాళ్ళమ్మమ్మ మొహం కడిగి, ఉన్నదాంట్లో మంచి చొక్కా తొడిగి, పట్నంలోని లైబ్రరీకి నడిపించుకుపోయింది. తలుపు దగ్గరున్న తెల్ల ఆవిడ, ఇది మీలాంటివాళ్ళకి కాదంది. లోపలికి రాంలెండి, పిల్లాడు గుమ్మంలో నిలబడి ఒక్కసారి చూస్తాడు అని వాళ్ళమ్మమ్మ బతిమాలింది. ఆవిడ తలుపేసేసింది.

ఇక్కడ కింది అంకుల్ గొంతు తగ్గించేవారు. తర్వాత మెల్లగా చెప్పేవారు. "ఇంటికొచ్చే దారంతా నేను ఏడుస్తూనే ఉన్నా. సగం దారిలో మా అమ్మమ్మ ఆగి, నా గడ్డం పట్టుకుని అడిగింది. ఆ తలుపు నీది కాదని వాళ్ళన్నారు. నేనన్నానా?"

"అనలేదు!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచేది.

"నేనన్నానా?"

"అనలేదు!"

నేనూ అరిచేదాన్ని. ఆ తలుపేమిటో, ఆ మనుషులెవరో నాకు పూర్తిగా తెలియకపోయినా, ఆ జవాబులో నా గొంతు కూడా ఉండాలనిపించేది.

ఒక సంవత్సరం, ఆకులు రాలే కాలంలో, వాకిట్లో ఆకులు ఊడుస్తూ కింది అంకుల్ పడిపోయారు. పక్షవాతం. హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చేసరికి కుడిచేయి పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమయ్యేది. ఆయన చెప్పాలనుకున్నదే నోటిదాకా వచ్చి చెదిరిపోయేది. అవునని చెప్పబోయి కాదనేవారు. కొన్నిసార్లు ఒకే మాట పట్టుకుని, దాన్ని దాటి ముందుకి పోలేక, మళ్ళీ మళ్ళీ అదే అనేవారు.

కింది ఆంటీ మొదట్లో ఆయన మాటలన్నీ తానే పూర్తిచేసేవారు. ఒక సాయంత్రం నేను అక్కడే హోమ్‌వర్క్ చేసుకుంటున్నాను. ఆయన ఏదో అడగబోయారు. "కాఫీయా? దుప్పటి కప్పనా? టీవీ పెట్టనా? కిటికీ మూసెయ్యనా?" అని ఆవిడ ఒకదాని మీద ఒకటి అడుగుతూ పోయారు. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. ఉన్నట్టుండి ఎడమచేత్తో కప్పు తీసి గోడకేసి కొట్టారు. జన్మలో ఎవరిమీదా గొంతు పెంచని మనిషి. ఆవిడ కింద కూర్చుని పెంకులు ఏరుతుంటే ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. ఇంతకీ ఆయనకి ఏం కావాలో ఆ రోజు మాకు తెలియనేలేదు. నేను పెన్సిల్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

ఆ తర్వాత ఆవిడ ఆయనకి మాటలు అందివ్వడం మానేశారు. ఆయన నోరు తెరిస్తే చేతిలో పని ఆపి, ఎదురుగా కూర్చుని, చూస్తూ ఉండేవారు. ఒక్కోసారి మాట వచ్చేది. చాలాసార్లు వచ్చేది కాదు. నాకది చాలా కఠినంగా అనిపించేది. ఆయనకి ఉప్పు కావాలని నాకే తెలిసిపోతోంది, ఈవిడకి తెలియదా అని మనసులో తిట్టుకునేదాన్ని.

ఫిబ్రవరి దగ్గరపడింది. లైబ్రేరియన్ స్వయంగా ఇంటికొచ్చారు. ఈసారి మీరు వచ్చి కూర్చుంటే చాలు, మీ కథ వేరే ఎవరైనా చెబుతారు అన్నారు. కింది అంకుల్ తల అడ్డంగా ఊపి, ఎడమచేతి వేలితో తన గుండె మీద కొట్టుకున్నారు. లైబ్రేరియన్ మళ్ళీ అడగలేదు.

ఆ శనివారం మంచు బాగా కురిసింది. అయినా హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక పిల్లలం నేలమీద కూర్చున్నాం. నేను ముందు వరసలో, కింది ఆంటీ కాళ్ళ దగ్గర. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే చెప్పడం అయ్యాక లైబ్రేరియన్ ఆయన్ని చేయి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టారు. నీలం సూటు, మెరిసే బూట్లు. ఆ బూట్ల లేసులు కట్టింది నేనే.

ఆయన జనాన్ని చూసి నవ్వారు. నవ్వు కూడా ఒక పక్కే వచ్చింది. తర్వాత నోరు తెరిచారు.

"తలుపు" అన్నారు.

అందరూ ముందుకి వంగారు.

"తలుపు... తలుపు..." కళ్ళు మూసుకున్నారు. ఎడమచేత్తో గాలిలో దేన్నో వెతికారు. వాళ్ళమ్మమ్మ గడ్డం పట్టుకున్నట్టు తన గడ్డం తానే పట్టుకున్నారు. "తలుపు."

ఆ హాల్లో ఉన్న ప్రతి మనిషికీ తర్వాతి మాట తెలుసు. కొందరు ఆ కథని నేను పుట్టకముందు నుంచీ వింటున్నవాళ్ళు. అయినా ఎవరూ కదల్లేదు. ఆయన అడిగితే కదా జవాబు చెప్పేది! ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ఎక్కడో ఒక పసిపిల్ల ఏడిస్తే తల్లి బయటికి తీసుకుపోయింది. నేనిక ఆగలేకపోయాను. ఆ మాట నా నాలుక మీదే ఉంది. లేచి నిలబడి గట్టిగా చెప్పేద్దామని మోకాళ్ళ మీదకి లేచాను. వెనక నుంచి కింది ఆంటీ చేయి నా భుజం పట్టుకుంది. చాలా గట్టిగా పట్టుకుంది.

"వద్దు బేబీ" అన్నారావిడ, వినీ వినపడనట్టు. "ఆయన వెతుక్కుంటున్నాడు."

నేను కూర్చుండిపోయాను. ఆవిడ నా భుజం వదల్లేదు.

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఆయన ఇంకోసారి ప్రయత్నించారు. పెదవులు ఏదో ఆకారం పట్టాయి, గొంతులో గాలి కదిలింది, అంతే. మాట రాలేదు. చివరి క్షణంలో ఏదో జరిగి మాట వచ్చేస్తుందని నేను నమ్మాను. పిల్లల పుస్తకాల్లో అలాగే జరుగుతుంది కదా. ఏమీ జరగలేదు. ఆయన మెల్లగా తల ఊపి, వెనకనున్న కుర్చీలో కూర్చున్నారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లైబ్రేరియన్ మైకు అందుకోలేదు, థాంక్స్ చెప్పి అందరినీ పంపించెయ్యలేదు. ఇంకో కుర్చీ లాక్కుని ఆయన పక్కనే, మాకెదురుగా కూర్చున్నారు. మేమందరం అలాగే కూర్చున్నాం. కిటికీ అవతల మంచు పడుతూనే ఉంది. కాసేపటికి ఆయనే లేచి, తన టోపీ కోసం చేయి చాచారు.

లైబ్రేరియన్ ఆయన్ని తన కార్‌లో ఎక్కించుకున్నారు. ఇల్లు దగ్గరే కాబట్టి నేనూ కింది ఆంటీ మంచులో నడిచి బయల్దేరాం. మలుపు దాకా వచ్చాం. అక్కడ నాకు ఏడుపొచ్చేసింది.

"నన్నెందుకు ఆపారు? నాకు మొత్తం వచ్చు. నేను చెప్పేదాన్ని!"

"నీకు వచ్చని నాకు తెలుసు. ఆ హాల్లో అందరికీ వచ్చు."

"మరి?"

ఆవిడ ఆగి, స్కార్ఫ్ తీసి నా మొహం తుడిచారు. "నువ్వు చెప్పేస్తే అది నీ కథ అయిపోతుంది బేబీ. ఆయన చేతిలో ఇంకేం మిగల్లేదు, అదొక్కటే ఉంది. అది కూడా మనం లాక్కుంటే ఎలా?"

"కానీ ఆయనకి రాలేదుగా!"

"రాలేదు" అన్నారావిడ. తర్వాత చాలా అలసిపోయిన గొంతుతో, "నేను చేసింది కరెక్టో కాదో నాకూ తెలీదు. చెప్పేద్దామని నాకు లోపల ఎంత మండిపోయిందో నీకు తెలుసా? పెళ్ళైన దగ్గర్నుంచి వింటున్నా ఆ కథ. పక్కన కూర్చోవడం తప్ప నాకింకేం చేతకావడంలేదు. అదైనా సరిగ్గా చేద్దామని చూస్తున్నా" అన్నారు.

పెద్దవాళ్ళకి కూడా చేతకానివి ఉంటాయని నాకు అప్పుడే మొదటిసారి తెలిసింది. అంతకుముందు ఏ పెద్దవాళ్ళూ నాతో అలా ఒప్పుకోలేదు. మిగిలిన దారంతా ఇద్దరం ఏడుస్తూనే నడిచాం. ఆవిడ నన్ను ఊరుకోమనలేదు, నేనూ ఆవిడ్ని ఊరుకోమనలేదు.

ఆ వసంతమంతా స్కూల్ నుంచి రాగానే వరండాలో ఆయన పక్కన కూర్చునేదాన్ని. నా పుస్తకం ఆయనకి ఎదురుగా, తలకిందులుగా పట్టుకునేదాన్ని. ఆయన కళ్ళు వరసల వెంట కదిలేవి. చదువుతున్నారో, అలవాటుగా చూస్తున్నారో నాకు తెలియదు. అప్పుడప్పుడూ "తలుపు" అని మొదలుపెట్టేవారు. నేను పుస్తకం దించి చూస్తూ కూర్చునేదాన్ని. ఒకసారి "తలుపు... వాళ్ళు..." దాకా వచ్చింది. నేను ఇంకా ముందుకి వంగాను. అక్కడితో ఆగిపోయింది.

ఎండాకాలంలో మా నాన్న డెట్రాయిట్‌కి దూరంగా, నోవై అనే శివారు ఊళ్ళో ఇల్లు కొన్నారు. కొత్త ఇల్లు, కొత్త స్కూల్, చుట్టూ పచ్చగడ్డి. నేను రానని ఎంత మొండికేసినా, పిల్లల మాటతో ఇళ్ళు ఆగవు కదా. వెళ్ళేరోజు కింది అంకుల్ వరండాలో కూర్చుని ఎడమచేయి ఊపారు. ఏదో చెప్పబోయారు కూడా. నాన్న కార్ స్టార్ట్ చేసి ఉన్నారు. ఆ మాట కోసం ఆగే వీలు లేకపోయింది.

చలికాలం మొదలవుతుండగా ఆయన పోయారని కింది ఆంటీ ఫోన్ చేసి అమ్మకి చెప్పారు. ఫిబ్రవరిలో ఆ శనివారం లైబ్రరీకి తీసుకెళ్ళమని నాన్నని వేడుకున్నాను. "రోడ్లన్నీ ఐస్ అమ్మా, ఈ వెదర్‌లో అంత దూరం డ్రైవ్ చేయలేను" అన్నారాయన. అది నిజమే. కిటికీలోంచి చూస్తే మా వాకిలి కూడా కనపడలేదు. ఆ రోజు ఆ కథ ఎవరైనా చెప్పారో, ఆ హాలు జవాబు చెప్పిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. తర్వాత కొన్నేళ్ళకి ఆ బ్రాంచి మూతపడిందని విన్నాను.

ఇప్పుడు మా అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆవిడకి మాటలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. ముందు ఇంగ్లీషు పోయింది, ఇప్పుడు తెలుగు పోతోంది. భోజనం దగ్గర చేయి చాచి "అదీ... అదీ..." అంటుంది. మా పిల్లలు "వాట్ అమ్మమ్మా, వాటరా? పెరుగా? టిష్యూనా?" అని ప్రేమగానే అందిస్తారు. నేను వాళ్ళని ఆగమని సైగ చేస్తాను. అమ్మ పెదవులు కదులుతుంటాయి. ఎప్పుడైనా ఆ మాట దొరికితే ఆవిడ మొహం వెలిగిపోతుంది. ఎక్కువసార్లు దొరకదు. అన్నం చల్లారిపోతుంది, పిల్లలు ఫోన్లు చూసుకుంటారు. అమ్మ నావైపు చూస్తుంది. అలాంటప్పుడు ఏం చేయాలో ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు తెలియదు. నా కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, ఆవిడ వెతుక్కోవడం అయ్యేదాకా కూర్చుంటాను.