నలభై ఒకటో ఏటి అంకె

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో మా బాపు చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర గుమాస్తా. నేను రోజూ పొద్దున ప్యాసింజరు బండిలో నిజామాబాద్ వెళ్లి బీఎస్సీ లెక్కలు చదువుకునేదాన్ని. డెబ్బైల మొదట్లో సంగతి. లెక్కల్లో మంచి మార్కులొచ్చే ఆడపిల్ల పంతులమ్మ అవుతుందని మా వాడకట్టంతా ఎప్పుడో తీర్మానించేసింది. నేనూ కాదనలేదు, ఇంకో దారి ఉందని తెలిస్తే కదా!

ఆ యేడు చెరుకు ఆడటం మొదలయ్యాక ఒక ఆదివారం మా పాత ఇంగ్లీషు సారు సైకిలు మీద మా ఇంటికొచ్చారు. మెథడిస్టు చర్చి పక్క సందులో ఉండేవారు. బడి అయ్యాక జీవిత బీమా పాలసీలు చేయించేవారు. బాపుతో ఒక పాలసీ చేయించాలని ఆయన ఆశ.

వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను చాయ తెచ్చి అరుగు మీద కూర్చున్నాను. సారు నోటుబుక్కు తెరిచి ఉంది. ఏ వయసువాళ్లు వెయ్యి రూపాయల పాలసీకి ఏడాదికి ఎంత కట్టాలో అందులో వరసగా రాసి ఉంది. ఊరికే చూస్తున్నదాన్ని కాస్తా, ఒక్కో అంకెలోంచి దాని పై అంకెను తీసేస్తూ పోయాను. తేడా ఏడాదికేడాది కొద్దికొద్దిగా పెరుగుతోంది. నలభై ఒకటి దగ్గర మాత్రం ఉన్నట్టుండి ఎగిరి, మరుసటి యేడు కిందికి పడిపోయింది.

"సార్, నలభై ఒకటి కాడ తప్పున్నది" అన్నాను.

"తప్పేడిది బిడ్డా? పెద్ద పుస్తకంల చూసి నేనే రాసుకున్న."

"ముప్పై నాలుగు రూపాయల ఎనభై రెండు పైసలని రాసిండ్రు. గది ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో పైసలు ఉండాలె. ఒక్కసారి సూడుండ్రి సార్."

బాపు నా వంక గుడ్లురిమి చూశాడు. ఆయన వయసు సరిగ్గా నలభై ఒకటి. డబ్బు తగ్గించుకోవడానికి బిడ్డతో బేరమాడిస్తున్నాడని సారు అనుకుంటారేమోనని ఆయన భయం. సారు మాత్రం చాయ సగంలో వదిలేసి సైకిలెక్కారు. పావుగంటలో తిరిగొచ్చి, గేటు బయటి నుంచే కేకేశారు.

"ఇరవై ఎనిమిదే! అంకెలు నేనే ఉల్టా రాసిన. పుస్తకం చూడకుండ నీకెట్ల తెలిసిందే?"

తేడాలు తీసి చూపించాను. అంతా విని నా నెత్తి మీద చెయ్యి పెట్టారు. "ఈ అంకెలు ఎవరు లెక్కగడతరు సార్?" అని అడిగాను. తనకూ తెలియదన్నారు. మరుసటి వారం కాలేజీ అయ్యాక నన్ను నిజామాబాద్‌లోని బీమా ఆఫీసుకు తీసుకెళ్లారు.

అక్కడి మేనేజరు నాందేడ్ వైపు మనిషి. నా కథ విని పెద్దగా నవ్వి, కుర్చీ చూపించారు. ఫలానా మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో ఎవరూ చెప్పలేరనీ, లక్షమందిని కలిపి చూస్తే మాత్రం ఏడాదిలో ఎందరు పోతారో దాదాపుగా చెప్పొచ్చనీ వివరించారు. ఆ లెక్క కట్టేవాళ్లను యాక్చువరీలంటారట. ఇంట్లో ఉండే చదివి పరీక్షలు రాయొచ్చట. అన్నీ గట్టెక్కేవాళ్లు దేశం మొత్తంలో బహు కొద్దిమందేనట. ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడలేదు. అన్నేళ్లుగా నేను చదివిన లెక్కలు మా బాపు వయసును, మా ఇంటి గడపను వచ్చి తాకినట్టనిపించింది.

డిగ్రీ అయ్యేసరికి రెండు కాగితాలు ఇంటికొచ్చాయి. ఒకటి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ సీటు. రెండోది బీమా ఆఫీసులో గుమాస్తా నౌకరి. మా లెక్కల మేడం ఎమ్మెస్సీ చెయ్యమన్నారు. బాపు కూడా అదే అన్నాడు. నౌకరిలో చేరి, ఆ పరీక్షలు రాస్తానని నేనన్నాను.

అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి ముందు నుంచి లేచొచ్చింది. "మంది సావులు లెక్కవెట్టుడు ఏం కొల్వే? ఆడివిల్లవు, గా ముచ్చట నోట్లెకెట్లొస్తున్నది?"

మా వాడకట్టులో ఎవరింట పెళ్లయినా ఎన్ని శేర్ల బియ్యం పొయ్యాలో అవ్వే చెప్పేది. ఆమె మాట మీద వండితే అన్నం మిగిలేది కాదు, తక్కువయ్యేది కాదు.

"అవ్వా, మూడొందల మంది బంతికి వస్తే ఎవరెంత తింటరో నీకు తెలుస్తదా?"

"నాకెట్ల తెలుస్తది? ఒకడు పిడికెడు తింటడు, ఒకడు కుండెడు తింటడు."

"మరి బియ్యం ఎట్ల జెప్తవ్?"

"అందరియి గల్పితె సరివోతది గదనే" అని, ఆగి, నా మొహంలోకి చూసింది. "గిదేనా నీ కొల్వు?"

"గిదే అవ్వా."

ఆమె బాపు వైపు తిరిగింది. "పోనియ్యి. నా లెక్క అసుంటిదే అంటున్నది."

అలా నౌకరిలో చేరాను. పగలు ఆఫీసు, పొద్దున నాలుగింటికి లేచి చదువు. మొదటిసారి రాసిన రెండు పేపర్లలో ఒకటి పోయింది. ఏడుపొచ్చింది గానీ, మానెయ్యాలని మాత్రం అనిపించలేదు. మరుసటి యేడు అది కూడా పాసయ్యాను. ఇంకో రెండు పేపర్లు అయ్యాక బొంబాయిలో లెక్కలు కట్టే విభాగానికి బదిలీ ఇచ్చారు.

అక్కడ మొదటి రోజు నా బల్ల మీద చేత్తో తిప్పే లెక్కల మిషను, ఒక పెద్ద పట్టిక పెట్టి వెళ్లారు. పిడి తిప్పుతుంటే గరగరమని అంకెలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఇరవై ఏళ్ల వయసు నుంచి మొదలుపెట్టి యాభై దాకా వచ్చేశాను. పక్క సీటామె భోజనానికి రమ్మని మరాఠీలో రెండుసార్లు పిలిచిందట, నాకు వినబడలేదు. మూడోసారి భుజం తట్టింది. బోధన్ సంతలో మిరపకాయలు బేరమాడి నేర్చుకున్న మరాఠీలో, ఈ వరస అయిపోగానే వస్తానని చెప్పాను. ఆ యాసకు గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే పిడి తిప్పాను.