కంకిపాడు దాటాక వచ్చే వాసన

ఉయ్యూరులో మా చిన్నప్పుడు డిసెంబర్ వచ్చిందంటే రోడ్డంతా చెరకు బళ్ళే... చక్కెర ఫ్యాక్టరీ దాకా బారులు తీరి ఉండేవి. వెనక నుంచి ఒక గడ లాక్కుని పారిపోవడం మా పిల్లల పని. బండివాడు తిడుతుంటే అదో ఆనందం!

ఆ ఏడు మమ్మల్ని క్రిస్మస్‌కి పిలవడానికి భవానీపురం నుంచి మా పెద్దమ్మ వచ్చింది. వెంట వాళ్ళమ్మాయి స్టెల్లా అక్క. నాకంటే రెండేళ్ళు పెద్ద, పెత్తనం మాత్రం ఇరవయ్యేళ్ళది. రిక్షా దిగుతూనే ముక్కు మూసుకుంది.

"అబ్బా! ఏంటే ఈ కంపు? ఎలా ఉంటున్నారే బాబూ?"

"కంపేంటి?" అన్నాను.

"బెల్లం పులిసిపోయినట్టు... నీకు రావట్లా?"

గట్టిగా పీల్చి చూశాను. ఏమీ లేదు. అక్కగారు వంగి నా భుజం కూడా వాసన చూసింది. "నీ గౌను కూడా ఇదే వాసనే!"

ఆ క్రిస్మస్‌కి పెద్దమ్మ వాళ్ళ చర్చిలో నేను ఒక్కదాన్నే నిలబడి పాట పాడాలి. పాస్టరు గారి పక్కనే, అంతమంది ముందు. వేసవి నుంచీ దానికోసమే కాచుక్కూర్చున్నాను. ఇప్పుడేమో అందరికీ తెలిసి, నాకొక్కదానికే తెలియని వాసన నా ఒంటి మీద ఉందట!

వాళ్ళు వెళ్ళాక అమ్మని పట్టుకున్నాను. "అమ్మా, మన ఊరు కంపు కొడుతుందా?"

"చెరకాడేటప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళు అంటార్లే. పెళ్ళయిన కొత్తలో నాకూ వచ్చేది. తర్వాత పోయింది."

"వాసన పోయిందా? నీ ముక్కు పోయిందా?"

చింతపండు పిసుకుతున్న అమ్మ చెయ్యి ఆగింది. "ఏమో నాకేం తెల్సు! పోయి చదువుకో" అంది.

అంతే, నాకు భయం పట్టుకుంది. ఉన్నది నాకు తెలియట్లేదంటే, ఇంకా తెలియనివి ఎన్ని ఉన్నాయో... నా పాట నాకు వినిపించినట్టే అందరికీ వినిపిస్తుందా? లేక వాళ్ళకి ఇంకేదో గొంతు వినిపిస్తుందా? పోనీ, మొహమాటానికి బాగుందంటున్నారా? పదేళ్ళ పిల్లకి రావాల్సిన ఆలోచనలా అవి! ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదు.

రోజూ సున్నిపిండితో చర్మం ఊడేలా రుద్దుకున్నాను. నాన్న పౌడరు డబ్బా సగం ఖాళీ చేశాను. అయినా ధైర్యం చాల్లేదు. భవానీపురం వెళ్ళగానే "గొంతు నొప్పి, నేను పాడను" అనేశాను. పెద్దమ్మ మిరియాల పాలు కాచి తాగించింది. లేని నొప్పికి అదో శిక్ష.

క్రిస్మస్ రోజు పొద్దున్నే స్టెల్లా అక్క బీరువాలోంచి తెల్ల గౌను తీసి వేసుకుంది. నా ముందుకొచ్చి గిర్రున తిరిగింది. నా ముక్కు బద్దలైపోయింది... కలరా ఉండలు! పెద్దమ్మకి ఆ పిచ్చి ఉండేది. ట్రంకుపెట్టెల్లో, దిళ్ళ కింద, ఆఖరికి మసిగుడ్డల్లో కూడా వేసేది.

"అక్కా, నీ గౌను కలరా ఉండల కంపు!"

అక్క ఒక చెయ్యి వాసన చూసుకుంది. రెండో చెయ్యీ చూసుకుంది. "ఏం రావట్లేదే! కావాలని అంటున్నావు కదూ?"

"ఒట్టు!"

"అమ్మా, నా దగ్గర వాసనొస్తుందా?"

పెద్దమ్మ వచ్చి కూతురి మెడ దగ్గర మొహం పెట్టి మరీ చూసింది. "ఏం లేదే, శుభ్రంగా ఉంది!"

హమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. ఇది నా ఒక్కదాని రోగం కాదు. వీళ్ళకీ తెలీదు! నాకు నవ్వాగలేదు. అక్క మొహం మాత్రం పాలిపోయింది. పాపం, నా భయం ఇప్పుడు తనకి పట్టుకుంది.

"బాగానే ఉంటుందిలే అక్కా... మీ ఇంటికొచ్చినట్టుంటుంది" అన్నాను.

తనూ కాస్త దిగొచ్చింది. "మీదీ మరీ కంపేం కాదులే. అరిసెల పాకంలా ఉంటుంది."

ఆ రోజు పాడాను. గొంతెత్తి పాడాను! పాస్టరు గారు ముక్కు మూసుకోలేదు, ఓరకంట చూస్తూనే ఉన్నాను.

సెలవులయ్యాక బస్సులో తిరిగొస్తున్నాం. కంకిపాడు దాటాక కిటికీలోంచి గాలి వచ్చింది... పులిసిన బెల్లం, కాగిన పాకం, రెండూ కలిపి గుప్పుమంది!

"అమ్మా! వచ్చింది! మన ఊరి కంపు వచ్చింది!"

బస్సంతా వెనక్కి తిరిగి నవ్వింది. అమ్మ నెత్తిన ఒక్కటిచ్చింది. నాకు లెక్కేంటి? ఉంది. నిజంగా ఉంది. అక్క అబద్ధం చెప్పలేదు, నా ముక్కూ పాడవలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి సంతోషంతో.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తినేసరికి మళ్ళీ మాయం. గది గదికీ వెళ్ళి వెతికాను. దొరకలేదు. కానీ ఈసారి భయం వేయలేదు. అది ఇక్కడే ఉంది, నేను ఇంటికొచ్చేశానంతే అనుకుని నిద్రపోయాను.

ఇప్పుడు పట్నంలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఉయ్యూరు వెళ్ళినా కారు అద్దాలు ఎత్తుకుని, ఏసీ వేసుకుని వెళ్ళిపోతున్నాం. ఊరెప్పుడొచ్చిందో బోర్డు చూసి తెలుసుకోవాలి. ఇంటికొచ్చేవాళ్ళూ అంతే. అందరూ మర్యాదస్తులే... "ఇల్లు బాగుందండీ" అని కాఫీ తాగి వెళ్ళిపోతారు.

మొన్న స్టెల్లా అక్క వచ్చింది. జుట్టు నెరిసింది కానీ ఆ పెత్తనం అలాగే ఉంది. తలుపు తీశానో లేదో, ముక్కు మూసుకుంది.

"ఏంటే ఇదీ, అచ్చం మా అమ్మలాగా... ఇల్లంతా కలరా ఉండలే!"

"ఏవో నాలుగు వేశానక్కా, అంతే! నాకేం రావట్లేదే!"

ఇద్దరం గుమ్మంలోనే నిలబడి నవ్వుకున్నాం. హమ్మయ్య, నాకు చెప్పేవాళ్ళు ఇంకా ఒకరున్నారు.

మీ ఇంటి వాసన మీకెవరు చెప్పారండీ?