అమ్మ కోసిన నెమలి గడియారం

నిన్న మదనపల్లెలో రంపం మిల్లు పక్కన పోతా ఉంటే టేకుపొట్టు వాసన కొట్టింది. అంతే, పుంగనూరులో మా ఇంటెనక వసారా కళ్లముందుకొచ్చింది. కీ ఇచ్చే గోడ గడియారాలు మీకూ గుర్తుండాయి కదా?

మా గడియారం పెట్టెకు చెదలు పట్టింది. అమ్మ ఆ వసారాలోనే కూచోని లోపలి మిషను ఊడదీసి, సన్న రంపంతో టేకుపలకను నెమలిగా కోసి, దాని పొట్టలో బిగించింది.

"ఉండే ఒక్క గడియారాన్నీ పాడుచేస్తివి గదా! కొయ్య నెమలి టైం సూపిస్తాదా?" అన్నాడు నాయన.

అమ్మ రేడియోలో టైం విని ముళ్లు తిప్పి, లోలకాన్ని వేలితో తోసింది. అందరం ముళ్లనే చూస్తా నిలబడినాం. పన్నెండు కాగానే ఠంగుమని గంటలు మోగినాయి.

"రాండమ్మా! మా కోడలు గడియారం సేసింది, సూడండి!" అని మా జేజి వీధంతా పిలిచింది.

అందరూ నెమలిని చూస్తాంటే, నాయన మాత్రం దాన్ని చూసి తన చేతి వాచీ సరిచేసుకుంటా ఉండె.