కప్పు కింది చప్పుడు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి నేను. సివిల్‌లో డిప్లొమా చేశాను. కొలవడానికి వీలుకాని దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని అక్కడ నేర్చుకున్నాను. కిందటి వేసవిలో జరిగింది కూడా ఆ పద్ధతిలోనే రాస్తాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. నేను పెరిగింది ఉత్తర తెలంగాణలో ఒక బొగ్గుగనుల కాలనీ. ఒకే కొలతతో వరుసగా కట్టిన రెండు గదుల క్వార్టర్లు. ప్రతి వాకిట్లో బొగ్గుల పొయ్యి. చలికాలం పొద్దున ఆ పొగలో ఎదురింటి తలుపు కనబడేది కాదు. దండెం మీద ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేది. గనిలో షిఫ్టు మారే సైరన్‌ను బట్టే అన్నం వండేవారు, సైరన్‌ను బట్టే పిల్లలను పడుకోబెట్టేవారు. అది వేళ కాని వేళ మోగితే గనిలో ప్రమాదమని ఆడవాళ్ళు పొయ్యిలో నీళ్ళు చల్లి వాకిళ్ళలో నిలబడేవారు.

మా బాపు గని లోపల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. కప్పు కిందికి వెళ్ళే ముందు దాన్ని కర్రతో కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది. డబ్‌మంటే లోపల డొల్ల, వెనక్కి రావాలి. బాపు తీరు వేరుగా ఉండేది. రెండు దెబ్బలు కొట్టి, ఆగి, ఎడమ అరచేయి కప్పుకు ఆనించి, ఆపైన ఒక్క దెబ్బ. మోత డొల్లగా ఉంటే వెనకున్న మనిషి ఒక్క దెబ్బతో జవాబివ్వాలి. విన్నాను, బయటికి రా అని దాని అర్థం. ఇంట్లో బాపు మంచం పట్టె మీద అలా కొడితే నేను గోడ మీద జవాబిచ్చేవాణ్ణి. మాకది ఆట.

నేను చిన్నబడిలో ఉండగా ఒకరోజు సైరన్ వేళ తప్పి మోగింది. కప్పు కూలి దారి మొత్తం మూసుకుపోయింది. బాపును పైకి తీసుకురావడం కుదరలేదు. దహనానికి ఆయన చొక్కా ఒక్కటే ఉంది.

ఇప్పుడు నేను ఒమన్‌లో సర్వే పని చేస్తున్నాను. ఇక్కడ ఇప్పుడిప్పుడే దేశమంతా తారురోడ్లు పడుతున్నాయి. ఉండేది మస్కట్ పక్కన రూవిలో, సైట్ కొండల దగ్గర. మా కాలనీవాడే మల్లయ్య నాతో ఉన్నాడు. కొన్నాళ్ళు గనిలో బాపు వెనక పనిచేసినవాడు. రూమ్‌లో నన్ను తమ్మీ అంటాడు, సైట్‌లో సార్ అంటాడు.

ఆ మధ్యాహ్నం కూలీలు తిని టార్పాలిన్ నీడలో పడుకున్నారు. రోలర్ ఆగి ఉంది. నీళ్ళ పంపూ ఆగి ఉంది. నేను నీడ అంచున నిలబడి పరికరాలు పెట్టెలో సర్దుతున్నాను. అరికాళ్ళకు తగిలింది. రెండు దెబ్బలు. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒక్క దెబ్బ. మోత డొల్లగా ఉంది.

ఎండకు రాయి చిట్లుతోందనుకున్నాను. మళ్ళీ అదే వరుస. పడుకున్నవాళ్ళలో మల్లయ్య ఒక్కడే లేచి, చెవి నేలకు ఆనించాడు.

"తమ్మీ," అన్నాడు అందరి ముందే. "ఇది మీ బాపు దెబ్బ."

"రాయి చప్పుడే, అన్నా."

"రాయి ఆగి వింటదా? లేపు అందర్ని."

ఇంతమందిని నడి ఎండలోకి తోలి, ఏమీ జరగకపోతే నా ఉద్యోగం ఉండదు. తోలకపోతే, కింద నిజంగా డొల్ల ఉంటే, వీళ్ళెవరూ ఉండరు. గట్టిగా కేకవేశాను.

"క్యా ఇంజినీర్ సాబ్, ధూప్ చఢ్ గయీ?" అని, ఎండ తలకెక్కిందా అన్నట్టు, ఫోర్‌మన్ నవ్వాడు.

"భూమి కూలుతదా సార్? మీ బొగ్గుబాయిలెక్క ఈడ కప్పేడున్నది, మీద మొగులు తప్ప!" అన్నాడు పక్కమీంచి ఒక కూలీ.

"కప్పు మీదనే పండుకున్నవురా. లే!" మల్లయ్య వాడి చెయ్యి పట్టి లాగాడు.

తిట్టుకుంటూ అందరూ రోలర్ వైపు నడిచారు. చివర నేనొక్కణ్ణి మిగిలాను. చప్పుడు మళ్ళీ వచ్చింది. ఏమీ ఆలోచించకుండా సర్వే కర్ర తిప్పి నేల మీద ఒక్క దెబ్బ కొట్టాను. చప్పుడు ఆగిపోయింది.

నేను రోలర్ దాకా చేరకముందే వెనక నేల కుంగింది. టార్పాలిన్, నీళ్ళ డ్రమ్ము, అన్నం గిన్నెలు అన్నీ లోపలికి పోయాయి. ఫోర్‌మన్ ఇక నవ్వలేదు.

అది పాత ఫలజ్ అని ఊరి పెద్ద ఒకాయన చెప్పాడు. కొండ నుంచి నీళ్ళు తేవడానికి ఎప్పుడో చేత్తో తవ్విన సొరంగం. ఎండిపోయాక అందరూ మరిచిపోయారు. దుమ్ము అణిగాక టార్చి పట్టుకుని దిగాను. కూలని భాగంలో మనిషి పాకడానికి మాత్రమే చోటుంది. రెండు వైపులా పాత మట్టి పూడుకుపోయి ఉంది. అడుగున మెత్తటి దుమ్ములో ఏ జాడా లేదు.

వేడికి రాయి చప్పుడు చేస్తుంది, ఒప్పుకుంటాను. అదే వరుసలో ఎందుకు చేసింది, జవాబివ్వగానే ఎందుకు ఆగింది అన్నవి ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను.

మీ బాపు మనల్ని కాపాడిండని మల్లయ్య రూమ్‌లో కొబ్బరికాయ కొట్టాడు. నేనలా అనలేను. కప్పును కింద నుంచి కొట్టేవాడికి పైన మనుషులున్నట్టు తెలియదు. తన తల మీద పడుతుందేమోనని కొట్టి చూసుకుంటాడు.

మేం పక్కకు జరిగాం. బయటికి రమ్మన్న నా జవాబు విన్నవాడు బయటికి రాగలిగాడో లేదో నాకు తెలియదు.