వేడినీళ్లలో అమ్మ స్వెటర్

నిన్నటిదాకా, ఏళ్లుగా ఒక బరువు మోశాను. చూస్తే గుప్పెడంతే. బీరువా వెనక పాత సంచిలో ఉండేది. అయినా దాని బరువుకు ఇల్లంతా ఆ పక్కకు ఒరిగినట్టే ఉండేది నాకు.

అది మా అమ్మ ఉన్ని స్వెటర్. ఇప్పుడు పసిపిల్లకైనా పట్టదు. పెద్దమ్మ అల్లినది. మెడకు తగిలితే మా ఊరు టేకల్‌లో ఉన్న కందిరీగలన్నీ ఒక్కసారిగా కుట్టినట్టుండేది. తడిస్తే గొర్రెల మంద వంటింట్లో దూరినంత వాసన. అది తొడుక్కునే అమ్మ తెల్లవారకముందు ఆవు పాలు పితికి, మంచులో నడిచి డైరీకి పోసి వచ్చేది. ముళబాగిలు బజారులో నేను కొనుక్కున్న సింథటిక్ స్వెటర్‌దీ అదే రంగు, కానీ దూదికన్నా మెత్తన. రెండింటికీ ఏమిటి తేడా? ఈ కుతూహలమే నన్ను చెరిచింది.

ఒక్కో పోగు లాగి అగ్గిపుల్ల పెట్టాను. ఉన్ని వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, తనంతట తానే ఆరిపోయింది. రెండోది కరిగి నల్లపూసలా గట్టిపడింది. అక్కడితో ఆగి ఉంటే నేను శాస్త్రవేత్తనే. ఆగలేదు. అమ్మ ఒక పెళ్లికి పోయినప్పుడు రెండింటినీ మరిగే నీళ్లలో వేసి కట్టెతో కుమ్మాను. సింథటిక్‌ది చెక్కుచెదరలేదు. ఉన్నిది ముడుచుకుని, మందమెక్కి, రొట్టెలా బయటికొచ్చింది.

పాత గుండీలు కోసి నా సింథటిక్‌దానికి కుట్టి, అమ్మదేనని ఇచ్చాను. లాండ్రీకి వేస్తే మెత్తబడిందన్నాను. అమ్మ నమ్మింది. కొడుకు మాట నమ్మక ఏం చేస్తుంది?

కొన్నాళ్లకు పొయ్యి దగ్గర కూర్చుని అడిగింది.

“స్వెటర్ ఏసుకున్నా ఎముకల్లోకి చలి దూరతా ఉండాది. ఏమప్పా ఇది?”

“వయసమ్మా. ఇంగ ఒంట్లో వేడి యాడుంటాది?”

ఎందుకన్నాను ఆ మాట? దొరికిపోతానన్న భయమా, లేక నోటికొచ్చిన చమత్కారమా? ఉన్ని మంచుకు తడిసినా వెచ్చగానే ఉంటుందనీ, నేను తొడిగించిన పల్చటి ప్లాస్టిక్ పోగులకు ఆ గుణం లేదనీ అప్పటికే నాకు అర్థమైంది. కోలారు జిల్లానంతా నవ్వించే నోరు నాది. ఒక్క మాటతో అమ్మను ముసలిదాన్ని చేసింది. చీకటితో లేచి డైరీకి పోలేనని అమ్మ ఆ చలికాలంలోనే ఆవును అమ్మేసింది. కొన్నవాళ్లు దాన్ని తోలుకుపోతుంటే వీధి మలుపుదాకా వెనకే నడిచింది, ఆ స్వెటర్‌తోనే.

నిన్న సంచి తెచ్చి అమ్మ ముందు పెట్టి అంతా చెప్పేశాను. తిట్టలేదు. ఆ చిట్టి స్వెటర్ చేతిలోకి తన పిడికిలి దూర్చి చూసింది.

“అట్లయితే నాకప్పుడు వయసు కాలేదు,” అంది. పిడికిలి బయటికి తీసి, “ఆవు ఇప్పుడు యాడుండాదప్పా?”

నాకు తెలియదు. చెప్పేసినందుకు నా గుండె మాత్రం సిగ్గులేకుండా తేలికైంది.